ఒకే అట్ట, రెండు కొలతల పెట్టె: పాల పదార్థాలకు కాగితపు ప్యాకింగు

పాల సంఘాలు పాలు సేకరించి కేంద్రానికి పంపటంతో సరిపెట్టుకోకుండా కోవా, నెయ్యి, వెన్న, పనీరు వంటివి తయారుచేసి అమ్మాలనుకున్నప్పుడు ముందుగా పాల నాణ్యత, కట్టెలు లేక గ్యాసు ఖర్చు, పనివారి కూలి లెక్క వేసుకుంటాయి. పెట్టె సంగతి చివరిరోజున గుర్తుకు వస్తుంది. అప్పుడు బజారులో ఏ పెట్టె దొరికితే ఆ పెట్టె కొంటారు. ఈ అలవాటు వల్ల సభ్యులకు జరిగే నష్టం ఎంతో ఒక చిన్న లెక్కతో చూద్దాం.

గేదె పాలతో కిలో కోవా తీయటానికి సుమారు అయిదు లీటర్ల పాలు కావాలి. అరకిలో పట్టే పెట్టె, మూత, లోపలి కాగితం కలిపి 5 రూపాయలు అయిందనుకుందాం. కిలో కోవాకు రెండు పెట్టెలు, అంటే 10 రూపాయలు. దానిని అయిదు లీటర్లకు పంచితే లీటరుకు 2 రూపాయలు. లీటరుకు పావలా, అర్ధరూపాయి పెంచమని సర్వసభ్య సమావేశంలో గంటల తరబడి వాదించే మనం, లీటరుకు రెండు రూపాయలు మోసే పెట్టెను గురించి అడగకపోవటం సబబు కాదు. పెట్టె ఖర్చు ఎవరి జేబులోంచో రాదు. అది పాల ధరలోంచే పోతుంది.

ఇక పెట్టె చిన్నదై కోవా నలిగినా, పెద్దదై లోపల దొర్లినా, తడికి మెత్తబడి అడుగు ఊడినా, ఆ సరుకు తిరిగి వస్తుంది. అప్పుడు పోయేది పెట్టె ఖర్చు మాత్రమే కాదు, అయిదు లీటర్ల పాలు కూడా. కనుక ఏ పదార్థానికి ఏ కాగితం, ఏ కొలత అనే విషయాన్ని పశుపోషణ పాఠం వలెనే శ్రద్ధగా నేర్చుకోవాలి.

కాగితం చేయగల పని, చేయలేని పని

కాగితం అంటే చెట్టు నారపోగులు నీటిలో నాని, ఒకదానిమీద ఒకటి పేరుకుని, ఆరి అతుక్కున్న పలుచని పొర. మడిస్తే మడతపడుతుంది, గీత పెట్టిన చోట వంగుతుంది, అచ్చు పడుతుంది, బరువు మోస్తుంది. ఇవి దాని సుగుణాలు. పోగుల మధ్య సందులు వుండటంవల్ల నీరు, నూనె, గాలి దానిగుండా పోతాయి. నీరు తగిలితే పోగుల పట్టు సడలుతుంది. ఇవి దాని లోపాలు.

ఈ కారణంవల్లనే ఒట్టి కాగితంలో పాలు నిలవవు. అమెరికాలోని టొలీడో నగరానికి చెందిన జాన్ వాన్ వర్మర్ అనే బొమ్మల తయారీదారు 1915లో మడిచే కాగితపు పాలపెట్టెకు పేటెంటు పొందాడు. ఆ పెట్టెలో పాలు నిలవటానికి కాగితంపై మైనం పూత అవసరమైంది. స్వీడన్ దేశంలో రూబెన్ రౌజింగ్ 1951లో స్థాపించిన టెట్రా పాక్ కంపెనీ పెట్టెలో కూడా బరువులో సుమారు మూడువంతులు అట్ట వుంటే, మిగిలినది పాలిథిన్ పొరలు, పలుచని అల్యూమినియం రేకు. అట్ట ఆకారాన్ని నిలుపుతుంది. పాలిథిన్ తడిని ఆపుతుంది. రేకు వెలుతురును, గాలిని ఆపుతుంది. మూడూ కలిసి చేసే పని ఒక్క కాగితం చేయలేదు.

కాబట్టి రోజువారీ పాలను, పెరుగును ఒట్టి కాగితంలో పెట్టి అమ్ముదామని ఎవరైనా చెబితే నమ్మవద్దు. మన సంఘాల స్థాయిలో కాగితం చక్కగా పనిచేసే చోట్లు వేరే వున్నాయి. కోవా బిళ్ళలకు, నెయ్యి కలిసిన మిఠాయిలకు లోపల తగిన పొరతో అట్టపెట్టె. వెన్నకు చుట్టుకాగితం, పైన అట్ట. నెయ్యి సీసాలకు, పనీరు ప్యాకెట్లకు పైపెట్టె. అన్నిటినీ కలిపి మోసే ముడతల అట్టపెట్టె. ఈ నాలుగు చోట్లా కాగితం తన పని తాను చేయగలదు.

పదార్థానికి శత్రువు ఎవరు?

పెట్టె ఎంచుకునే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న ఇది. మన గోదావరి జిల్లాల మిఠాయిలలోనే దీనికి మంచి ఉదాహరణలు వున్నాయి.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. బియ్యపు పిండి నీటిని కాలిన కుండ వెనుకభాగంపై పూసి తీసే ఆ రేకు కాగితమంత పలుచన. నెయ్యి, పంచదార లేక బెల్లం వేసి మడుస్తారు. దీనికి మొదటి శత్రువు ఒత్తిడి, రెండవది తేమ. గట్టి గోడలున్న అట్టపెట్టెలో కదలకుండా వరుసగా పేర్చితేనే దూరం వెళుతుంది. లోపల నెయ్యి పీల్చని కాగితం కావాలి.

తాపేశ్వరం కాజా సంగతి వేరు. పాకం పీల్చుకున్న మిఠాయి అది. ఒత్తిడికి కొంత ఓరుస్తుంది కాని, పాకం కారి అట్టను తడుపుతుంది. దీనికి అడుగున పాకం దిగని పొర ముఖ్యం.

వెన్నకు శత్రువులు మూడు: వేడి, గాలి, వెలుతురు. డెయిరీలు వెన్నను పార్చ్‌మెంటు కాగితంలో చుట్టి, పైన అట్టపెట్టెలో పెట్టటం మనందరం చూసినదే. మామూలు కాగితాన్ని గంధకామ్లంలో ముంచి వెంటనే కడిగి ఆరబెడితే పోగులు కలిసిపోయి సందులు మూసుకుంటాయి. అదే పార్చ్‌మెంటు. కొవ్వును అది ఆపుతుంది, తడిసినా చిరగదు. ఆకారం నిలిపే పని పైన అట్టపెట్టెది. రెండు కాగితాలు పని పంచుకున్నాయి.

నెయ్యి మన వేసవిలో నూనెవలె కరిగివుంటుంది. అందుచేత దానిని సీసాలోనో, డబ్బాలోనో, గట్టిగా అతికిన పొరల సంచిలోనో వుంచి పైన మాత్రమే అట్టపెట్టె వాడాలి. పనీరుకు నీరు శత్రువు. ఫిల్ములో మూసిన తరువాతనే పెట్టె.

ఈ విధంగా ఒక్కొక్క పదార్థానికి శత్రువును గుర్తించి ఆ శత్రువును ఆపేందుకు సరిపడే పొరను మాత్రమే కొనాలి. అన్నిటికీ అన్ని పొరలూ వున్న ఖరీదైన పెట్టె కొనటం, గొడ్డుపోయిన గేదెకు పాడిగేదె దాణా పెట్టినట్లే.

నెయ్యి ఆపే కాగితాలలో ఒక జాగ్రత్త వుంది. కొన్ని రకాలకు ఫ్లోరిన్ కలిసిన రసాయనాల పూత వేస్తారు. ఇవి నేలలో, నీటిలో, శరీరంలో ఎంతకాలానికీ విడిపోవు. డెన్మార్కు 2020 జులై నుండి ఆహారపు కాగితాలలో వాటిని నిషేధించింది. నెయ్యి ఆపేందుకు వాటిని పూసిన కాగితాల అమ్మకం తమ దేశంలో ఆగిపోయిందని అమెరికా ఆహార, ఔషధ శాఖ 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. కొనేటప్పుడు ‘‘ఫ్లోరిన్ పూత లేని, ఆహారానికి తగిన కాగితం’’ అని బిల్లుపై రాయించుకోవాలి.

కొలతలు మారే సరుకుకు ఒకే అట్ట

కొవ్వూరు వంటి ఊరిలో అమ్మకం ఒక తీరుగా వుండదు. గోష్పాద క్షేత్రానికి స్నానానికి వచ్చే యాత్రికులు దారిలో తినేందుకు, ఇంటికి ప్రసాదంతోపాటు పట్టుకెళ్ళేందుకు చిన్న పెట్టె అడుగుతారు. పెళ్ళిళ్ళ ముహూర్తాలలో సారెకు కిలోల లెక్కన కావాలి. గోదావరి పుష్కరాలు 2015లో జరిగాయి. 12 ఏళ్ళకొకసారి వచ్చే ఆ రోజులలో ఏ కొలత ఎంత పోతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. అన్ని కొలతల పెట్టెలూ కొని నిల్వ చేస్తే, కావలసిన కొలత అయిపోయి అక్కరలేనిది గోదాములో మిగలటం మామూలు.

దీనికి ఒక ఉపాయం పెట్టె గోడలోనే వుంది. అడుగు 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు అనుకుందాం. నాలుగువైపులా 8 సెంటీమీటర్ల గోడ కావాలంటే అట్టముక్క 36 × 26 సెంటీమీటర్లు వుండాలి. మూలలు కత్తిరించి గోడలు లేపితే 1600 ఘనసెంటీమీటర్ల పెట్టె అవుతుంది. కోవా బిళ్ళలు మధ్య సందులతో కిలో దాకా పడతాయి.

ఇప్పుడు ఆ గోడలకు నడిమిగా, అంటే అడుగునుండి 4 సెంటీమీటర్ల ఎత్తున, ఇంకొక మడత గీత కొట్టించాలి. అరకిలో కావలసినప్పుడు పై సగం గోడను లోపలికి మడిచివేస్తే పెట్టె ఎత్తు 4 సెంటీమీటర్లకు దిగుతుంది, గోడ రెండు పొరలు అవుతుంది. మూలలవద్ద మిగిల్చే చెవులను అడుగువైపు సగం ఎత్తుకే వుంచాలి. పొట్టి పెట్టెలో ఆ చెవులు రెండు పొరల మధ్య ఇరుక్కుని జిగురు లేకుండానే నిలుస్తాయి. ఎత్తు పెట్టెలో మాత్రం వాటికి అతుకు వేయాలి. అడుగు కొలత మారలేదు కనుక రెండిటికీ ఒకే మూత సరిపోతుంది. ఒక డై, ఒక అట్ట, ఒక మూత, రెండు పెట్టెలు.

ఒకే అట్టను ఒకే దెబ్బతో కత్తిరించి, మడత గీత కూడా కొట్టే పద్ధతి కొత్తది కాదు. అమెరికాలో బ్రూక్లిన్‌లో కాగితపు సంచులు చేసే రాబర్ట్ గేర్ కార్ఖానాలో 1879లో ఒక యంత్రపు బద్ద జారి, మడత గీత పడవలసిన చోట సంచులు తెగిపోయాయి. కోత, మడత ఒకేసారి చేయవచ్చునన్న ఆలోచన అతనికి అక్కడ తట్టింది. మనం బజారులో పరచివున్న అట్టలుగా కొని తెచ్చుకుని మడుచుకునే మిఠాయి పెట్టెలన్నీ ఆ దారిలో వచ్చినవే. పరచివున్న అట్టలు కొంటే వేయి పెట్టెలకు పట్టే చోటు చిన్న బల్లంత. తయారైన పెట్టెలు కొంటే గది నిండుతుంది, రవాణాలో గాలికి కూడా బాడుగ కట్టినట్లవుతుంది.

ఇది ఎప్పుడు లాభం, ఎప్పుడు నష్టం?

ఏ ఉపాయమైనా లెక్కకు నిలబడాలి. పొట్టి పెట్టెనే విడిగా చేయిస్తే 28 × 18 సెంటీమీటర్ల ముక్క చాలు. అది 504 చదరపు సెంటీమీటర్లు. రెండు కొలతల అట్ట 936 చదరపు సెంటీమీటర్లు. అంటే అరకిలో పెట్టెగా మడిచిన ప్రతిసారీ 432 చదరపు సెంటీమీటర్ల అట్ట ఎక్కువ వాడుతున్నాం. రెండు పొరల గోడ గట్టిదనం ఇస్తుంది నిజమే, అయినా ఖర్చు ఖర్చే.

అట్ట మందాన్ని పెట్టెలవారు జి.ఎస్.ఎం. అనే లెక్కలో చెబుతారు. అంటే ఒక చదరపు మీటరు అట్ట ఎన్ని గ్రాములు తూగుతుంది అని. 300 జి.ఎస్.ఎం. అట్ట తీసుకుని, లెక్క కోసం కిలో 80 రూపాయలు అనుకుంటే చదరపు మీటరు 24 రూపాయలు అవుతుంది. మూతను పక్కనపెట్టి, ఒక నెలలో 100 పెట్టెలు అమ్మామనుకుందాం. అందులో 70 అరకిలోవి, 30 కిలోవి.

మొదటి పద్ధతి: ముందే సరిగ్గా ఊహించి 70 చిన్నవి, 30 పెద్దవి కొన్నాం. అట్ట 6.34 చదరపు మీటర్లు, ఖర్చు 152 రూపాయలు.

రెండవ పద్ధతి: రెండు కొలతల అట్టలు 100 కొన్నాం. అట్ట 9.36 చదరపు మీటర్లు, ఖర్చు సుమారు 225 రూపాయలు.

మూడవ పద్ధతి: ఏది ఎంత పోతుందో తెలియక 100 చిన్నవి, 100 పెద్దవి కొన్నాం. అట్ట 14.4 చదరపు మీటర్లు, ఖర్చు సుమారు 346 రూపాయలు. అందులో 30 చిన్నవి, 70 పెద్దవి మిగిలిపోయాయి. మిగిలినవి వచ్చే నెలకు పనికివస్తే నష్టం లేదు. తేమకు ఉబ్బినా, అచ్చువేసిన ధర, చిరునామా మారినా, ఎలుకలు కొట్టినా అవి చెత్తకే.

దీనినిబట్టి రెండు సూత్రాలు చెప్పుకోవచ్చు. అమ్మకం నెలనెలా ఒకే తీరుగా వుంటే ఏ కొలతకు ఆ కొలత పెట్టె విడిగా చేయించటమే చవక. అమ్మకం ఊహకు అందనప్పుడు, పండుగలు, జాతరలు, కొత్తగా మొదలుపెట్టిన వ్యాపారం వంటి సమయాలలో, రెండు కొలతల అట్ట చవక. మొదటి ఏడాది రెండు కొలతల అట్టతో నడిపి, ఏ కొలత ఎంత పోయిందో పుస్తకంలో రాసుకుని, రెండవ ఏడాది ఎక్కువగా పోయే కొలతకు విడిగా పెట్టె చేయించుకోవటం సంఘాలకు మంచి దారి. ఈ లెక్కను మీ ఊరి అట్ట ధరతో మళ్ళీ వేసుకోండి. ధర మారినా నిష్పత్తి మారదు.

పెట్టెలు పట్టే పెద్ద పెట్టె

చిన్నపెట్టెల కొలతలు ఒకదానిలో ఒకటి సరిగ్గా భాగింపబడాలి. 20 × 10 అడుగున్న పెట్టెలు, 40 × 30 అడుగున్న పెద్దపెట్టెలో ఒక్కొక్క వరుసకు 6 పడతాయి. పెద్దపెట్టె ఎత్తు 16 సెంటీమీటర్లు అయితే కిలో పెట్టెలు రెండు వరుసలు, మొత్తం 12. అరకిలోవి నాలుగు వరుసలు, మొత్తం 24. రెండు పొట్టిపెట్టెల ఎత్తు ఒక ఎత్తుపెట్టెకు సమానం కనుక కలిపి పేర్చినా ఖాళీ మిగలదు. ఎలా పేర్చినా సరుకు 12 కిలోలే. ఒక మనిషి సులువుగా ఎత్తగల బరువు. అట్ట మందానికి, మూతలకు అన్నివైపులా కొద్దిగా ఎడం వదలమని పెట్టెలవారికి చెప్పాలి.

పెద్దపెట్టెకు ముడతల అట్ట వాడతారు. రెండు నున్నటి కాగితాల నడుమ అలలుగా ముడుచుకున్న ఇంకొక కాగితం అతికించి వుంటుంది. ఈ ముడతల కాగితానికి 1856లో ఇంగ్లండులో మొదటి పేటెంటు తీసుకున్నది టోపీల లోపలి అస్తరు కోసం. 1871లో న్యూయార్కులో ఆల్బర్ట్ జోన్స్ దానిని సీసాలు, దీపపు చిమ్నీలు పగలకుండా చుట్టటానికి వాడాడు. సీసాలలో నెయ్యి పంపే సంఘాలకు ఆ పని ఈనాటికీ అవసరమే. పెట్టెలో సీసాల మధ్య ముడతల అట్ట గళ్ళు వుండాలి. గళ్ళను తీసి వేసుకునేలా చేయిస్తే ఒకే పెద్దపెట్టె ఒకనాడు సీసాలకు, మరొకనాడు కోవా పెట్టెలకు పనికివస్తుంది.

ముడతల అట్టను నిలబెట్టినప్పుడు ముడతలు నిట్టనిలువుగా వుండాలి. అవి పెంకుటింటికి నిట్టాళ్ళ వంటివి. అడ్డంగా వుంటే పెట్టె త్వరగా కుంగుతుంది. బరువులో ఎక్కువభాగం మోసేది నాలుగు మూలలు. కనుక పెట్టెమీద పెట్టె పెట్టేటప్పుడు మూలమీద మూల రావాలి. ఇటుకలు కట్టినట్లు మార్చి మార్చి పేర్చితే దొంతర చూపుకు గట్టిగా కనబడుతుంది కాని, పై మూల కింది పెట్టె నడుమ పడి అట్ట కుంగుతుంది.

వానాకాలపు జాగ్రత్తలు

డెల్టాలో కాగితానికి పెద్ద శత్రువు గాలిలోని తేమ. గాలిలో తేమ 50 శాతం వున్నప్పుడు మోసే బరువులో, 90 శాతం వున్నప్పుడు ముడతల అట్టపెట్టె సుమారు సగమే మోయగలదు. వేసవిలో ఆరు పెట్టెల దొంతర నిలిచిందని శ్రావణంలో కూడా ఆరు పెట్టకూడదు. మూడుతో ఆపాలి. దీనికి తోడు, బరువు ఎన్నిరోజులు వుంటే అట్ట అంతగా అలసిపోతుంది.

మడవని అట్టలను నేలమీద పెట్టకుండా చెక్కబల్లలపై, గోడకు జానెడు దూరంగా వుంచాలి. పాలు చల్లబరిచే గది, డబ్బాలు కడిగే చోటు పక్కన అట్ట నిల్వ చేయరాదు. చల్లటి గదిలోనుండి బయటికి తెచ్చిన పనీరు, వెన్న ప్యాకెట్లపై చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ ఆరిన తరువాతనే అట్టపెట్టెలో పెట్టాలి. కోవా కూడా పూర్తిగా చల్లారకుండా మూత వేస్తే ఆవిరి లోపల నీరై, బూజుకు దారితీస్తుంది. ఆ తప్పు పెట్టెమీద వేయరాదు.

పెద్దఎత్తున కొనే ముందు సంఘంలోనే మూడు పరీక్షలు చేయవచ్చు. మొదటిది నెయ్యిచుక్క పరీక్ష. తెల్లకాగితం మీద లోపలి కాగితాన్ని పరచి కరిగిన నెయ్యి నాలుగు చుక్కలు వేసి రాత్రంతా వుంచండి. కింది కాగితానికి మరక దిగితే ఆ రకం వద్దు. రెండవది దొంతర పరీక్ష. నిండు పెట్టెలను లారీలో పేర్చే ఎత్తుకంటె ఒకటి ఎక్కువగా పేర్చి, వానరోజున రెండు రాత్రులు వుంచి అడుగు పెట్టె చూడండి. మూడవది పడవేసే పరీక్ష. నిండు పెట్టెను నడుము ఎత్తునుండి అడుగుమీద ఒకసారి, మూలమీద ఒకసారి వదిలి లోపలి సరుకు చూడండి. ఈ మూడింటికీ నిలిచిన పెట్టె తక్కువ ధరదైనా మంచిదే.

ఈ కాగితం ఎక్కడినుండి వస్తుంది?

కొవ్వూరు రేవులో నిలబడితే గోదావరికి ఆవలి ఒడ్డు రాజమహేంద్రవరం. అక్కడి కాగితపు మిల్లు 1920ల దశకంలో కర్నాటిక్ పేపర్ మిల్స్ పేరుతో మొదలయింది. 1964లో ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్ అయింది. 2011లో అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ పేపర్ చేతికి, 2019లో వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్ చేతికి వెళ్ళి, 2020నుండి ఆంధ్ర పేపర్ అని పిలువబడుతున్నది. అక్కడ ముఖ్యంగా తయారయ్యేది రాత, అచ్చు కాగితం. కడియంలో దానికి ఇంకొక మిల్లు వుంది. అక్కడ వాడిన కాగితాన్ని తిరిగి గుజ్జుచేసి కాగితం తీస్తారు.

ఒకప్పుడు ఆ మిల్లుకు ప్రధానంగా అడవి వెదురు వెళ్ళేది. తరువాతి కాలంలో రైతుల పొలాలలో పెంచిన సరుగుడు, సుబాబుల్ కర్ర వెళుతున్నది. మన సభ్యులలో మెట్టభూములు, ఇసుకనేలలు వున్నవారికి ఈ చెట్లు తెలియనివి కావు. సుబాబుల్ కర్ర మిల్లుకు పోతే ఆకు పశువుకు మాంసకృత్తులున్న పచ్చిమేత. దానిలో మైమోసిన్ అనే విషపదార్థం కొంత వుంటుంది కనుక మొత్తం పచ్చిమేతలో మూడోవంతుకు మించకుండా మేపాలి. ఒకే గట్టుమీద పశువుకు మేత, కాగితానికి కర్ర పెరగటం మన ప్రాంతానికి వున్న సదుపాయం.

అయినా కాగితం వూరికే వచ్చే వస్తువు కాదు. దానికి కర్ర, నీరు, రసాయనాలు, విద్యుత్తు కావాలి. అరకిలో సరుకుకు కిలో పెట్టె వాడినప్పుడు వృథా అయ్యేది ఇవన్నీ. కాగితం కనుక ఎంతైనా వాడవచ్చునని అనుకోరాదు. ముడతల అట్ట చాలావరకు పాత పెట్టెల గుజ్జుతోనే తయారవుతుంది. ఒక నారపోగు అయిదారుసార్లు తిరిగి కాగితం కాగలదు. శుభ్రంగా, పొడిగా తిరిగివచ్చిన పెట్టెకే ఆ అవకాశం.

చట్టం చెప్పేది

ప్రతి సంఘం గుర్తుంచుకోవలసిన నియమాలు నాలుగు.

1. మిఠాయి పెట్టెల చుట్టూ చుట్టే పలుచని ప్లాస్టిక్ పొర 2022 జులై 1నుండి దేశమంతటా నిషేధం. ప్లాస్టిక్ చెంచాలు, గ్లాసులు, పళ్ళేలు కూడా ఆ జాబితాలో వున్నాయి. మూత ఊడకుండా కాగితపు పట్టీ వేస్తే చాలు. పాల ప్యాకెట్ల ఫిల్ము ఈ నిషేధంలో లేదు.

2. చేతిసంచులు ప్లాస్టిక్‌వి అయితే 2022 డిసెంబరు 31నుండి 120 మైక్రాన్లకు తగ్గరాదు.

3. వార్తాపత్రికలలో ఆహారం చుట్టరాదు, నిల్వ చేయరాదు. 2018నాటి ఆహార ప్యాకింగు నిబంధనలు 2019 జులై 1నుండి అమలులోకి వచ్చాయి. అచ్చుసిరాలోని రసాయనాలు నెయ్యితో కలిసి ఆహారంలోకి దిగుతాయి. పాత అట్టతో చేసిన పెట్టెలో కూడా సిరా మిగిలి వుండవచ్చు కనుక కోవా ఆ అట్టకు నేరుగా తగలకుండా లోపల ఆహారానికి తగిన కాగితం వేయాలి.

4. పెట్టెపై రాసే నికర బరువులో పెట్టె బరువు చేరదు. పైన చెప్పిన ఎత్తు పెట్టె అట్టముక్క మూలలు కత్తిరించకముందు, మూత లేకుండానే సుమారు 28 గ్రాములు తూగుతుంది. కొనేవారికి కోవా తూకం ముందు చూపి, తరువాత పెట్టెలో పెట్టటం సంఘానికి పేరు తెస్తుంది.

పెట్టె చివరికి ఎక్కడికి పోతుంది?

ఈ ప్రశ్న మిగతా వ్యాపారులకంటె మనకు ఎక్కువ ముఖ్యం. మిఠాయి తిన్న తరువాత నెయ్యి అంటిన ప్లాస్టిక్ పొర వీధిలో పడితే, ఆ వాసనకు దానిని తినేది పశువే. ప్లాస్టిక్ దాని మొదటి పొట్టలో అరగదు, బయటికీ పోదు. ఏళ్ళ తరబడి ముద్దకట్టి మేతకు చోటు లేకుండా చేస్తుంది. పశువు నెమరు తగ్గించి, పాలు తగ్గించి, చిక్కిపోతుంది. పొట్ట కోసి తీయటం తప్ప మందు లేదు. సంఘం అమ్మిన పెట్టెమీది పొర తిరిగి సంఘ సభ్యుని గేదె కడుపులోకి చేరటం కంటె విడ్డూరం వుండదు. లీటరుకు రెండు రూపాయలు పొదుపు చేయటం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

అందుచేత పెట్టె తయారుచేయించే రోజునే దాని చివరి దారిని నిర్ణయించాలి. శుభ్రమైన పెద్దపెట్టెలను మడిచి వెనక్కు తెచ్చి రెండు మూడుసార్లు వాడి, ఆ తరువాత పాతకాగితాల వారికి ఇవ్వాలి. నెయ్యి, పాకం అంటిన అట్ట మళ్ళీ కాగితం కాదు. పూత లేనిదైతే ముక్కలు చేసి పేడతో కలిపి కంపోస్టు గుంటలో వేయవచ్చు. ప్లాస్టిక్ పొర అతికించిన అట్ట ఈ రెండింటికీ పనికిరాదు కనుక తప్పనిసరి అయితేనే అది కొనాలి. లోపలి పొరను అతికించకుండా విడి కాగితంగా వేస్తే వాడిన తరువాత రెండూ సులువుగా వేరవుతాయి. సంఘం వద్ద పాల ప్యాకెట్ల ఖాళీ ఫిల్ము వేసే సంచి ఒకటి వేలాడదీసి, నిండినప్పుడు పాతసామాను వారికి ఇచ్చే ఏర్పాటు కూడా వుండాలి.

సంఘం సమావేశంలో చర్చించవలసినవి

1. మన సంఘం అమ్మే ప్రతి పదార్థానికి శత్రువు ఏది? ఇప్పటి ప్యాకింగు దానిని ఆపుతున్నదా, అక్కరలేని పొరలకు కూడా డబ్బు పోస్తున్నదా?

2. గత ఏడాది ఏ కొలత పెట్టెలు ఎన్ని కొన్నాం, ఎన్ని అమ్ముడయ్యాయి, ఎన్ని పాడయ్యాయి? ఈ మూడు అంకెలు పుస్తకంలో వున్నాయా?

3. ప్యాకింగు ఖర్చు లీటరు పాలకు ఎంత పడుతున్నది? కార్యదర్శి ఈ అంకెను నెలనెలా బోర్డుపై రాయగలరా?

4. చుట్టుపక్కల నాలుగు సంఘాలు ఒకే అడుగు కొలతకు ఒప్పుకుంటే ఒకే డైతో, ఒకేసారి అట్ట కొనవచ్చు. పైన అతికించే చీటీ మాత్రం ఏ సంఘానికి ఆ సంఘానిది. ఇందుకు ఎవరు ముందుకు వస్తారు?

5. వాడిన పెద్దపెట్టెలు ఎన్ని తిరిగి వస్తున్నాయి? తెచ్చినవారికి కొద్దిపాటి తగ్గింపు ఇవ్వటం వీలవుతుందా?

మొదటి పనిగా కార్యదర్శులు ఇప్పుడు వాడుతున్న పెట్టెను ఒకటి విప్పి బల్లమీద పరచి, స్కేలుతో కొలిచి, అట్ట ఎన్ని చదరపు సెంటీమీటర్లో, లోపల సరుకు ఎంత చోటు తీసుకుంటున్నదో రాయండి. ఆ తరువాత మూడవ ప్రశ్నలోని అంకె కట్టండి. పెట్టెలవారితో బేరానికి కూర్చునే ముందు ఈ రెండు అంకెలు చేతిలో వుంటే, మాట మన వైపునుండి మొదలవుతుంది.